వెలగిరి పాఠం, చెరిగే చిరునామాలు: తెలుగు డిజిటల్ పరిశోధన వనరుల నిలకడపై విమర్శ

వ్యాససంగ్రహం: గత పాతికేళ్లలో తెలుగు పరిశోధనకు డిజిటల్ గ్రంథాలయాలు, నిఘంటువులు, శాసన డేటాబేస్‌లు ప్రధానాధారాలయ్యాయి. వాటిలో కొన్ని మూతపడ్డాయి. కొన్ని చేతులు మారాయి. మరికొన్ని తెరపై కనిపిస్తున్నా వెతకడానికి వీలుకాని స్థితిలో ఉన్నాయి. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు శాసనాధారాలను ప్రధానోదాహరణగా తీసుకొని, ఒక వనరు నిలవడానికీ అంతరించడానికీ గల కారణాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. నిర్మాత కాని వ్యక్తి సైతం ఆ పాఠాన్ని పూర్తిగా ప్రతి చేసుకొని కొనసాగించగలగడమే నిలకడకు కొలమానమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జగ్గయ్యపేట శాసనాలు, డిజిటల్ గ్రంథాలయం, యూనికోడ్, స్థలనామాలు, పరిశోధన వనరుల నిర్వహణ.

మూడు స్తంభాలు, ఒక పాఠం

జగ్గయ్యపేట బౌద్ధస్తూపాన్ని జేమ్స్ బర్జెస్ 1882లో సర్వే చేసేనాటికి ఆ కట్టడం చాలావరకు శిథిలమైంది. అయినా ఇక్ష్వాకు ప్రభువు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో వేయించిన ఒక ప్రాకృత దానశాసనం చదవదగిన స్థితిలో దొరికింది. సిద్ధార్థుడనే శిల్పి, శాసనభాషలో ‘ఆవేసని’, తన తల్లిని, భార్యను, పిల్లలను, సోదరుని పేరుపేరునా స్మరించి, వెలగిరి గ్రామంలోని మహాచైత్యానికి తూర్పు ద్వారం వద్ద ఐదు ఆయకస్తంభాలను సమర్పించాడని దాని సారాంశం. ఇంచుమించు ఇదే పాఠం మూడు స్తంభాలపై ఉంది. ఒకచోట అరిగిన అక్షరాన్ని మరొకచోటి పాఠంతో సరిచూసుకొనే అవకాశం పండితులకు కలగడానికి కారణం ఈ పునరుక్తే. సిద్ధార్థుని ఉద్దేశం పుణ్యమే తప్ప పాఠరక్షణ కాకపోవచ్చు. ఫలితం మాత్రం పాఠరక్షణే.

బ్యూలర్ ఈ శాసనాలను 1882లో ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో ప్రకటించాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాలపై బర్జెస్ గ్రంథం 1887లో వెలువడింది. శిల్పఖండాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. రాయి ఒకచోటికీ దాని పాఠం మరొకచోటికీ ప్రయాణించాయన్నమాట. ఇటీవలి కాలంలో ఈ పాఠం మూడో ప్రయాణం చేసింది. ఆర్లో గ్రిఫిత్స్, వాన్సాన్ తూర్నియే మొదలైన విద్వాంసులు కలిసి రూపొందించిన ‘ఎర్లీ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ ఆంధ్రదేశ’ అనే శాసన డేటాబేస్‌లో శాతవాహన, ఇక్ష్వాకు యుగాల శాసనాలతో పాటు జగ్గయ్యపేట శాసనాలకూ చోటు దక్కింది. ఈ కృషిలో భాగంగా 2016 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆంధ్రదేశంలో క్షేత్రపరిశీలన కూడా జరిగింది.

ఈ డేటాబేస్‌ను ఇక్కడ ప్రస్తావించడం దాని పాఠపరిష్కరణను విమర్శించడానికి కాదు, దాని నిర్మాణాన్ని గమనించడానికి. ప్రతి శాసనానికీ ఒక స్థిరసంఖ్య ఉంది. శాసనపాఠాన్ని ‘ఎపిడాక్’ అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా రాశారు. శిథిలాక్షరం ఏది, సంపాదకుడు పూరించినది ఏది, సందేహాస్పదమైనది ఏది అన్న వివరాలు ఆ ఫైలులోనే గుర్తులుగా ఉంటాయి. తెరపై కనిపించే పేజీ, వెతుకులాట సౌకర్యం వేరే సాఫ్ట్‌వేర్ పని. రేపు ఆ సాఫ్ట్‌వేర్ పనిచేయకపోయినా సాధారణమైన నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోగల పాఠం మిగులుతుంది. సైటు నడిచే సర్వర్లు ఫ్రాన్సు దేశపు ప్రభుత్వ పరిశోధన సదుపాయమైన ‘హ్యూమా-నమ్’వి. మానవశాస్త్రాల పరిశోధన సామగ్రిని కాపాడడం ఆ సంస్థకు అప్పగించిన విధి. ఒక ఆచార్యుడు పదవీ విరమణ చేసినంత మాత్రాన అది ఆగిపోదు.

వెలగిరి శిల్పి పాఠం ఫ్రాన్సులో ఇంత భద్రంగా ఉంది. అదే జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతంలో తరువాతి శతాబ్దాల్లో వెలసిన తెలుగు శాసనాలకు ఈ స్థాయి డిజిటల్ పరిష్కరణ లేదు. అవి చాలావరకు అచ్చు సంపుటాల్లోనూ, ఆ సంపుటాల స్కాన్ ప్రతుల్లోనూ ఉన్నాయి. స్కాన్ ప్రతి కంటితో చదవడానికి పనికి వస్తుంది, కాని అందులో ఒక పదాన్ని వెతకడం సాధ్యం కాదు. ప్రాకృతానికి దక్కిన సదుపాయం తెలుగుకు తెలుగునాట దక్కకపోవడం విచిత్రమే. దీనికి నిధుల కొరత ఒక్కటే కారణమనడం పూర్తి సమాధానం కాదు.

ప్రతి తీయించిన బ్రౌన్

పాఠాన్ని కొత్త వాహకంలోకి మార్చి కాపాడడం తెలుగుకు కొత్త కాదు. కాలిన్ మెకంజీ 1821లో మరణించాక అతడు సేకరింపజేసిన గ్రామ కైఫీయతులు జీర్ణదశకు చేరుతుండగా సి.పి. బ్రౌన్ వాటికి ప్రతులు రాయించాడు. ‘లోకల్ రికార్డులు’ అనే పేరుతో నేటి పరిశోధకులు వాడుకొనేవి ఈ ప్రతులే. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం వాటికి నిలయమైంది. ప్రతిలేఖకుల దోషాలు వీటిలో ఉన్నాయన్నది నిజం. అయితే దోషాలతో మిగిలిన ప్రతిని సంస్కరించవచ్చు, మిగలని మూలాన్ని సంస్కరించలేము. అమరావతి ఫలకాల విషయంలోనూ ఇదే జరిగింది. మెకంజీ బృందం గీసిన చిత్రాల్లో ఉన్న శిల్పాలు కొన్ని తరువాత రాయిగా కనిపించలేదు. వాటి రూపం ఇప్పుడు ఆ చిత్రాల్లోనే ఉంది.

బ్రౌన్ ప్రతులకూ నేటి డిజిటల్ ప్రతులకూ ఒక ముఖ్యభేదం ఉంది. కాగితంపై రాసిన ప్రతిని నూరేళ్లు పట్టించుకోకపోయినా పురుగు తినగా మిగిలినది చదవవచ్చు. డిజిటల్ ప్రతిని పదేళ్లు పట్టించుకోకపోతే ఒక్క అక్షరమూ మిగలకపోవచ్చు. మిగిలినా అది ఏ అక్షరమో తెలియకపోవచ్చు.

అక్షరాలున్నా చదవలేని స్థితి

ఈ రెండో ప్రమాదం తెలుగు పరిశోధకులకు నిత్యానుభవం. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నాటి తొలి ప్రమాణంలోనే స్థానం లభించింది. కాని తెలుగునాట డీటీపీ రంగం ఆ తరువాత చాలాకాలం అను వంటి సొంత సంకేతాల ఫాంట్లపైనే నడిచింది. ఈ ఫాంట్లలో ‘క’ అని తెరపై కనిపించేది కంప్యూటర్ దృష్టిలో ఏదో ఒక రోమన్ అక్షరమో, విరామచిహ్నమో. ఫాంట్ లేని యంత్రంలో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తుల వరుస కనబడుతుంది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009 నిబంధనల ద్వారా సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతుల సమర్పణ తప్పనిసరి అయింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహిస్తున్న శోధగంగలో ఆ ప్రతులు చేరుతున్నాయి. సంస్థాపరంగా చూస్తే ఇది మెచ్చదగిన ఏర్పాటు. నిర్వహణ బాధ్యత స్పష్టంగా ఉంది, చిరునామా స్థిరంగా ఉంది. అయితే అను ఫాంట్లలో డీటీపీ చేయించి పీడీఎఫ్‌గా మార్చిన తెలుగు సిద్ధాంత గ్రంథాన్ని అందులో తెరిచి ‘కైఫీయతు’ అన్న పదం వెతికితే ఫలితం శూన్యం. ఒక పేరాను ప్రతి చేసి మరొకచోట అతికిస్తే వచ్చేవి తెలుగక్షరాలు కావు. సంస్థ తన పని చేసింది, పాఠం మాత్రం తెర మీది బొమ్మగా మిగిలింది. ఒకే అంశంపై ఇద్దరు పరిశోధకులు రెండు విశ్వవిద్యాలయాల్లో తెలియక పనిచేయడానికి ఈ వెతకలేనితనమూ ఒక కారణం కాగలదు. గ్రంథచౌర్య పరీక్ష జరిపే సాఫ్ట్‌వేర్‌కు సైతం ఈ పాఠం కనబడదు. ఈ చివరి విషయం కొందరికి సౌకర్యంగా కూడా ఉండవచ్చు.

ఈ ఫాంట్ల సమస్యకు ఒక చక్కని ఉపకరణం తయారైంది. తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు, పత్రికల సొంత ఫాంట్లలోని పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడిగింపులన్నింటికీ మద్దతు ఉపసంహరించింది. నాటి రూపంలోని పద్మలో ఏ లోపమూ లేదు, అది ఆధారపడిన వేదిక మారింది. ఉపకరణం ఆగిపోయినా పోకూడనిది అందులోని పరివర్తన పట్టిక. ఏ ఫాంట్‌లో ఏ సంకేతం ఏ తెలుగక్షరానికి సమానమో తెలిపే ఆ పట్టిక పరిశోధన దృష్ట్యా ప్రోగ్రాం కంటె విలువైనది. పద్మ మూలసంకేతం అందరికీ అందుబాటులో ఉంచినది కావడం వల్ల ఆ జ్ఞానం నిర్మాత ఒక్కరి వద్దనే ఉండిపోలేదు. ఇటువంటి పట్టికలను ఏ తెలుగు శాఖ అయినా ప్రామాణికంగా పరిష్కరించి ప్రచురించి ఉంటే అది లిపిశాస్త్ర కృషిగా గుర్తింపు పొందవలసిన పని. అలాంటి పనికి పదోన్నతి లెక్కల్లో గడి లేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ ‘ఈమాట’. 1998లో ప్రారంభమైన ఈ పత్రిక తొలి సంచికలను నేటి పాఠకులు యూనికోడ్‌లో చదువుకోగలుగుతున్నారు. ప్రవాస తెలుగువారి తొలినాటి ఇంటర్నెట్ రచనలకు ఊతమైన ఆర్‌టీఎస్ పద్ధతి, తెలుగును రోమన్ అక్షరాల్లో నియమబద్ధంగా రాసే సాదా పాఠం. చూడ్డానికి అందం లేదు. కాని నియమం తెలిసిన ఎవరైనా దానిని యాంత్రికంగా తెలుగు లిపిలోకి మార్చవచ్చు. అచ్చు అందానికి ప్రాధాన్యమిచ్చిన ఫాంట్ల కంటె ఈ అనాకర్షక పద్ధతే రచనలను భావికాలానికి అందించడానికి అనువైనది కావడం ఆలోచించదగిన విషయం.

మూతపడిన గ్రంథాలయం, మిగిలిన సంఖ్య

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చరిత్ర ఇంకా విస్తృతమైన పాఠం చెబుతుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి నాయకత్వాన సాగిన పది లక్షల పుస్తకాల పథకానికి భారతీయ శాఖగా ఇది ఆరంభమైంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దీనిలో ప్రధానపాత్ర వహించాయి. వేటపాలెమో రాజమహేంద్రవరమో వెళ్లి చూడవలసిన పుస్తకాలు చిన్న ఊళ్ల అధ్యాపకులకు సైతం ఇంట్లో తెరపై దొరికాయి. తెలుగు పరిశోధన పద్ధతిని ఇది మార్చివేసిందనడం అతిశయోక్తి కాదు.

2017 ప్రాంతంలో మూలసైటు పాఠకులకు అందకుండా పోయింది. హక్కుల వివాదాలు అందుకు ముఖ్యకారణం. అంతకుముందే కార్ల్ మాలముద్ చొరవతో ఆ పుస్తకాలు పెద్దసంఖ్యలో అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండడం వల్ల సేకరణ మొత్తం అదృశ్యం కాలేదు. నేటికీ ఆ ప్రతుల గుర్తింపు సంఖ్యల ముందు మూతపడిన సైటు పేరు, 2015 అనే సంవత్సరం కనిపిస్తాయి. కూలిన ఇంటి నంబరు పలకను కొత్త ఇంటికి తగిలించినట్లుంటుంది. అయితే పరిశోధకుడికి ఉపకరించేది ఆ పలకే. సైటు చిరునామా మారినా గుర్తింపు సంఖ్య మారకపోతే ఉల్లేఖనాన్ని సరిచూసుకోవచ్చు.

పుస్తకాలు మిగిలాయి గాని వాటి వివరాల పట్టికలోని అవ్యవస్థ అలాగే వాటితోపాటు ప్రయాణించింది. తెలుగు గ్రంథనామాలను స్కానింగ్ కేంద్రాల్లో రోమన్ లిపిలో తోచిన విధంగా నమోదు చేశారు. ‘ఆంధ్ర’ అన్న ఒక్క మాటకే అనేక రూపాలున్నాయి. రచయిత పేరు చోట ప్రకాశకుని పేరు, ప్రచురణ సంవత్సరం చోట పునర్ముద్రణ సంవత్సరం ఉన్న నమోదులు తరచుగా తారసపడతాయి. అందువల్ల తెలుగు పుస్తకం కోసం వెతికేవారు శాస్త్రీయంగా కాక అలవాటుతో వెతుకుతారు: నాలుగు వర్ణక్రమాలు ప్రయత్నించడం, దొరికితే సంతోషించడం, దొరకకపోతే లేదనుకోవడం. ఈ మూడో అడుగు ప్రమాదకరం. ‘అలభ్యం’ అని సిద్ధాంత గ్రంథాల్లో రాస్తున్న పుస్తకాల్లో కొన్ని కేవలం తప్పుగా నమోదైనవి కావచ్చు.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌పై ఆధారపడడమూ నిశ్చింత కాదు. 2024 అక్టోబరులో సైబర్ దాడి వల్ల ఆ సైటు కొన్ని రోజులపాటు నిలిచిపోయింది. ఆ రోజుల్లో తెలుగు ముద్రణ చరిత్రలో గణనీయమైన భాగం తెలుగువారికే అందుబాటులో లేదు. అది తిరిగి వచ్చింది కాబట్టి చర్చ అక్కడితో ఆగింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ‘లాక్స్’ పథకం సూత్రం, ప్రతులు ఎక్కువైతే భద్రత ఎక్కువ అనేది. అందులో గ్రంథాలయాలు పత్రికల ప్రతులను తమ తమ యంత్రాల్లో దాచి పరస్పరం సరిచూసుకుంటాయి. తెలుగునాట విశ్వవిద్యాలయ గ్రంథాలయాల మధ్య అటువంటి ఒప్పందం ఒకటి కుదిరితే, డిజిటల్ లైబ్రరీలోని తెలుగు పుస్తకాలను పంచుకొని దాచుకోవడం సాంకేతికంగా కష్టసాధ్యం కాదు. హక్కులు తీరిన పుస్తకాల విషయంలో చట్టపరమైన అడ్డంకీ ఉండదు.

వేదాద్రి ఏ వేదాద్రి?

ఫైలు భద్రంగా ఉన్నా, చదవగలిగినా, వెతకగలిగినా అందులోని సమాచారం పాతబడుతుంది. స్థలనామాల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఇక్ష్వాకు శాసనంలోని వెలగిరి, తరువాతి బేతవోలు, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తండ్రి పేరిట వెలసిన జగ్గయ్యపేట ఒకే ప్రదేశపు వేర్వేరు కాలాల నామాలు. బర్జెస్ గ్రంథం శీర్షికలో ‘కృష్ణా జిల్లా’ ఉంది. 2022 ఏప్రిల్ 4 నుంచి జగ్గయ్యపేట, నందిగామలు ఎన్టీఆర్ జిల్లాలోనివి. జిల్లాల వారీగా శాసనాలను ఎంచి చూపే డేటాబేస్ పాత జిల్లానే అట్టిపెడితే నేటి విద్యార్థికి దొరకదు, కొత్త జిల్లాకు మారిస్తే పాత గ్రంథసూచికలతో పొంతన పోతుంది. మూలంలో ఉన్న పేరును చెరపకుండా ఉంచి, దాని పక్కన నేటి పేరును, అక్షాంశ రేఖాంశాలను తేదీతో సహా చేర్చడమే మార్గం.

వేదాద్రి విషయం మరింత చిక్కు. కృష్ణాతీరాన జగ్గయ్యపేటకు చేరువలో ఉన్న యోగానంద లక్ష్మీనరసింహ క్షేత్రం వేదాద్రి. అహోబిల క్షేత్రంలోనూ గరుడాద్రితో పాటు వేదాద్రి అనే కొండ ఉంది. రెండూ నృసింహక్షేత్రాలే. అందువల్ల సందర్భాన్ని బట్టి యంత్రం పోల్చుకోవడం కూడా కష్టం. క్షేత్రమాహాత్మ్య వాఙ్మయాన్ని డిజిటల్ పాఠాలుగా మార్చి పదసూచిక కడితే ఈ రెండింటి ప్రస్తావనలూ ఒకే పద్దు కింద చేరతాయి. సోమకాసురుడు అపహరించగా విష్ణువు తిరిగి తెచ్చిన వేదాలు ఇక్కడ కొండరూపం ధరించాయని కృష్ణాతీర వేదాద్రి స్థలపురాణం. పోయి దొరికిన పాఠం పేరు మీద వెలసిన ఊరే సూచికల్లో తప్పిపోవడం ఒక వింత.

నందిగామ ప్రాంతపు మాగల్లులో దొరికిన, తూర్పు చాళుక్య దానార్ణవుని తామ్రశాసనానిదీ ఇదే సమస్య. కాకతీయుల తొలితరాల వంశక్రమానికి కీలకాధారమైన ఈ శాసనాన్ని చరిత్రకారులు మాగల్లు, మాంగల్లు అని రెండు విధాలుగా రాశారు. ఒక రూపంతో వెతికినవారికి మరొక రూపంతో రాసిన చర్చ దొరకదు. రెండు రూపాలనూ కలిపే పని యంత్రం చేయదు. ఆ ఊరినీ ఆ శాసనాన్నీ ఎరిగిన తెలుగు లేదా చరిత్ర అధ్యాపకుడే చేయాలి. అదీ ఒకసారి చేసి వదిలే పని కాదు.

ఎవరి పద్దు?

తెలుగు నిఘంటువులను ఒకేచోట వెతికే వీలు కల్పించిన ‘ఆంధ్రభారతి’ లేనిదే నేడు తెలుగు పరిశోధన ముందుకు సాగదని చెప్పవచ్చు. ఇది విశ్వవిద్యాలయం నిర్మించినది కాదు, కొద్దిమంది వ్యక్తుల స్వచ్ఛంద కృషి. దానిని రోజూ వాడుకునే తెలుగు శాఖలకు దాని నిర్వహణలో భాగం లేదు. నిర్మాతలను ఇందుకు వేలెత్తి చూపడం అన్యాయం. వారు చేయవలసిన దానికంటె ఎక్కువే చేశారు. ప్రశ్న వాడుకరుల వైపు తిరగాలి. షికాగో విశ్వవిద్యాలయం తన దక్షిణాసియా నిఘంటువుల సైటులో బ్రౌన్ నిఘంటువును, గ్విన్ నిఘంటువును సంస్థాపరంగా నిర్వహిస్తున్నది. తెలుగు వికీసోర్స్‌లోని పాఠాలను ఎవరైనా మొత్తంగా దించుకొనేలా వికీమీడియా తరచుగా డంపులు విడుదల చేస్తుంది. ఈ రెండు పద్ధతుల్లో ఏ ఒక్కదానికీ తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో దీటైన ఏర్పాటు కనిపించదు.

సంపన్న దేశాల్లో ఈ సమస్య తీరిపోయిందని భావించనక్కరలేదు. బ్రిటన్‌లో మానవశాస్త్రాల డేటాను కాపాడడానికి 1996లో ఏర్పడిన జాతీయ సేవకు 2008లో నిధులు నిలిచిపోయాయి. లండన్ కింగ్స్ కళాశాలలోని డిజిటల్ ప్రయోగశాల తనకు వారసత్వంగా వచ్చిన సుమారు నూరు ప్రాజెక్టుల్లో వేటిని నడపాలి, వేటిని భద్రపరిచి ఆపాలి అన్న నిర్ణయాలను ఒక్కొక్కటిగా తీసుకోవలసి వచ్చింది. కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయపు ‘ఎండింగ్స్’ ప్రాజెక్టు ఇంకా ముందుకు వెళ్లి, డిజిటల్ ప్రాజెక్టును ముగింపును దృష్టిలో పెట్టుకొనే మొదలుపెట్టాలని వాదించింది. సర్వర్‌పై నిరంతరం నడవవలసిన డేటాబేస్‌కు బదులు, ఏ యంత్రంలోనైనా తెరుచుకునే సాదా పేజీలుగా తుదిరూపం ఇవ్వాలన్నది వారి సూచన. తక్కువ నిధులున్న తెలుగు శాఖలకు ఈ సూచన మరింతగా వర్తిస్తుంది. ఆడంబరమైన పోర్టల్ ప్రారంభోత్సవానికి అనువుగా ఉంటుంది. మూడేళ్ల తరువాత డొమైన్ రుసుము కట్టేవారెవరన్నది ప్రారంభోత్సవపు ఆహ్వానపత్రంలో ఉండదు.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంత శాసనాల చిన్న డేటాబేస్ ఒకటి నిర్మించాలంటే కావలసినవి యూనికోడ్ పాఠం, ప్రతి శాసనానికీ మారని సంఖ్య, అచ్చు సంపుటంలోని పుట, స్థలనామాల పట్టిక, సవరణల చరిత్ర. వీటన్నింటినీ సాదా ఫైళ్లలో పెట్టవచ్చు. ఒక ప్రతి స్థానిక కళాశాల గ్రంథాలయంలో, రెండోది విశ్వవిద్యాలయంలో, మూడోది శోధగంగ వంటి జాతీయ సంస్థలో ఉండాలి. ఎవరైనా ప్రతి తీసుకోవచ్చని మొదటి పుటలోనే రాయాలి. కళాశాల గ్రంథాలయాల్లో ఏటా పుస్తకాల స్టాక్ తనిఖీ జరుగుతుంది. పోయిన పుస్తకానికీ చినిగిన పుస్తకానికీ రిజిస్టరులో లెక్క ఉంటుంది, సంతకం ఉంటుంది. ఆ రిజిస్టరులోనే ఈ ఫైళ్లకు ఒక వరుస చేర్చి, తెరుచుకున్నదా లేదా, మిగిలిన రెండు ప్రతులతో సరిపోయిందా లేదా అని ఏటా ఒకసారి రాసి సంతకం చేయడానికి అరపూట చాలు. ఆ సంతకం గ్రంథపాలకునిదా, తెలుగు శాఖాధ్యక్షునిదా అన్నది ఇంతవరకు ఏ నిబంధనా తేల్చలేదు.